ఎండ కోసం కాదు, బండ కోసం

గడ్చిరోలి జిల్లా జిమల్‌గట్టలో ఎండకు కొదవ లేదు. మే నెలలో అల్లపల్లి-సిరొంచ రోడ్డు మీద మధ్యాహ్నం పన్నెండు దాటితే కుక్క కూడా కనిపించదు. అలాంటి చోట పుట్టి పెరిగిన పిల్ల ఒకతె "బాగా ఎండ కాసే దేశం చూసుకుని రాక్ క్లైంబింగ్‌కు వెళ్దామనుకుంటున్నా" అంటే, ఇంట్లో వాళ్లు మొదట అడిగే మాట ఒక్కటే: ఎండ కోసం అంత దూరమా?

ఆ ప్రశ్న సరైనదే. ఈ కథనమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

విదేశాల్లో బండలెక్కే యాత్రల గురించి చదివే పుస్తకాలు, చూసే వీడియోలు చాలావరకు యూరప్ వాళ్ల అవసరాన్ని బట్టి తయారైనవి. డిసెంబరు, జనవరి నెలల్లో జర్మనీలోనూ ఇంగ్లండులోనూ బండలు తడిసి, గడ్డకట్టి ఉంటాయి. వాళ్లకు వేళ్లు కొంకర్లు పోని చోటు కావాలి. అందుకే స్పెయిన్‌లోని ఎల్ చోరోకు, గ్రీసులోని కాలిమ్నోస్ ద్వీపానికి, థాయ్‌లాండ్‌లోని క్రాబికి పోతారు. వాళ్లకు ఎండ వరం. మనకు అది రోజూ ఉన్నదే. మనం డబ్బు పెట్టి వెళ్లేది మంచి బండ కోసం, ఆ బండకు గట్టిగా కొట్టిన బోల్టుల కోసం, అక్కడ ఏళ్ల తరబడి ఎక్కినవాళ్లు పోగుచేసిన అనుభవం కోసం. కాబట్టి వాళ్ల లెక్కను మనం తిరగేసి వేసుకోవాలి: ఏ నెలలో ఏ గోడకు ఎన్ని గంటలు నీడ ఉంటుంది?

ముందు సూర్యుడి సంగతి

దీనికి స్కూల్లో చదివిన భూగోళం చాలు. జిమల్‌గట్ట ఉత్తర అక్షాంశం సుమారు 19 డిగ్రీలు. డిసెంబరు 21న మధ్యాహ్నం సూర్యుడు దక్షిణ దిక్కున 47 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. క్రాబి 8వ డిగ్రీ దగ్గర ఉంది, అక్కడ అదే రోజు 59 డిగ్రీలు. కాలిమ్నోస్ 37వ డిగ్రీ, అక్కడ 30 డిగ్రీలే. అంటే చలికాలంలో ఈ మూడు చోట్లా సూర్యుడు దక్షిణం వైపే నడుస్తాడు. ఉత్తరం చూసే నిటారు గోడ మీద రోజంతా నీడే. తూర్పు చూసే గోడకు మధ్యాహ్నం నుంచి నీడ, పడమర చూసే గోడకు మధ్యాహ్నం దాకా నీడ. దక్షిణం చూసే గోడను కాలిమ్నోస్‌లో జనవరిలో ఎక్కవచ్చు, ఒంటికి హాయిగానే ఉంటుంది. క్రాబిలో ఎక్కితే అరగంటకే చేతులు చెమటతో జారిపోతాయి.

బండ మీద పట్టు దొరికేది చలిలో. అనుభవం ఉన్నవాళ్లు 5 నుంచి 15 డిగ్రీల వేడిమిని మేలైనదిగా చెబుతారు. క్రాబిలో అత్యంత హాయిగా ఉండే జనవరిలోనే పగలు 31, 32 డిగ్రీలు, పైగా సముద్రపు తేమ. అందువల్ల అక్కడ రోజును రెండు ముక్కలు చేసుకోవాలి. పొద్దున 7 నుంచి 11 దాకా పడమటి గోడలు, సాయంత్రం 3 నుంచి 6 దాకా తూర్పు గోడలు. మధ్యలో నాలుగు గంటలు తిండి, నిద్ర. మన పొలం పనివాళ్లు ఎండాకాలంలో పాటించే పద్ధతి ఇదే, కొత్తగా నేర్చుకునేది లేదు. గైడ్‌బుక్‌లో ప్రతి గోడ పక్కనా అది ఏ దిక్కు చూస్తుందో రాసి ఉంటుంది. రూట్ ఎంత కష్టమో చూసే ముందు ఆ దిక్కు చూడండి.

నెలల విషయానికొస్తే, క్రాబిలో నవంబరు చివర నుంచి ఏప్రిల్ దాకా పొడి కాలం. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వానలు దంచికొడతాయి. కాలిమ్నోస్‌కు మార్చి నుంచి మే, సెప్టెంబరు నుంచి నవంబరు అనువైన కాలం. ఆగస్టులో అక్కడికి పోవడం ఆగస్టు ఎండనే ప్రేమించేవాళ్లకు తప్ప తగదు.

క్రాబియా, కాలిమ్నోసా?

ఈ రెంటి మధ్య నా తీర్పు ముందే చెబుతాను: మొదటి యాత్రకు క్రాబి. కారణం అందం కాదు, కాగితాలు.

కాలిమ్నోస్ గొప్ప చోటు. సముద్రపు స్పాంజ్‌లు ఏరుకుని బతికిన ద్వీపం అది. 1996లో అక్కడికి సెలవులకు వెళ్లిన ఇటలీ క్లైంబర్ ఆండ్రియా డి బారి ఆ సున్నపురాయి గోడలు చూసి, మరుసటి ఏడు తిరిగొచ్చి మొదటి రూట్లు వేశాడు. ఈనాడు మూడు వేలకు పైగా రూట్లున్నాయి. కానీ మన పాస్‌పోర్టుతో గ్రీసు వెళ్లాలంటే షెంజెన్ వీసా కావాలి. 2024 జూన్ 11 నుంచి దాని రుసుము 90 యూరోలు. 30,000 యూరోలకు తగ్గకుండా వైద్య బీమా చూపాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు దాకా అర్జీ పెట్టుకోవచ్చు. తేల్చడానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 రోజులు తీసుకుంటారు. బ్యాంకు ఖాతా, ఉద్యోగం, తిరిగొస్తానన్న నమ్మకం కలిగించే కాగితాలన్నీ అడుగుతారు. జిమల్‌గట్ట లాంటి చోటు నుంచి వేలిముద్రలు ఇవ్వడానికి వీసా కేంద్రం ఉన్న నగరానికి ఒకసారి పోయి రావాలి. వీసా రాకపోతే రుసుము వెనక్కి రాదు. తర్వాత ఏథెన్స్, అక్కడి నుంచి కోస్, కోస్ నుంచి పడవ.

థాయ్‌లాండ్ 2024 జులై 15 నుంచి భారతీయులకు వీసా లేకుండా 60 రోజులు ఉండే వీలు ప్రకటించింది. ఇలాంటి సడలింపులు ప్రభుత్వాలు తరచూ మారుస్తుంటాయి, టికెట్ కొనే రోజు ఆ దేశ రాయబార కార్యాలయం ఏం చెబుతోందో చూసుకోవాలి. 2025 మే 1 నుంచి ప్రతి విదేశీయుడూ డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. దిగే తేదీకి ముందు మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. దానికి డబ్బు అడిగే వెబ్‌సైట్ ఏదైనా సరే, అది ప్రభుత్వానిది కాదు.

పాస్‌పోర్టు లేనివాళ్లకు అది మొదటి మెట్టు. గడ్చిరోలి జిల్లా నాగపూర్ ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం కిందికి వస్తుంది. పెద్దవాళ్లకు 36 పేజీల పుస్తకానికి రూ.1,500, పదేళ్లు చెల్లుతుంది. తత్కాల్ అయితే మరో రూ.2,000. ఇక్కడ నేను నొక్కి చెప్పేది తత్కాల్ గురించి కాదు, వానాకాలం గురించి. జులై, ఆగస్టుల్లో మన వాగులు పొంగితే రోడ్లు తెగుతాయి, పోలీసు విచారణ అయినా పోస్టు అయినా ఆగిపోతుంది. జనవరిలో వెళ్లాలనుకుంటే వానలకు ముందే, మే నెలలోనే అర్జీ పెట్టుకోండి. ప్రయాణం రోజుకు పాస్‌పోర్టులో కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

మోకు, ముస్తాదు, హార్నెస్

ఇక సామాన్ల దగ్గరికొద్దాం. మన దగ్గర ఎత్తులెక్కే విద్య కొత్తది కాదు. ప్రాణహిత దాటితే తెలంగాణ పల్లెల్లో తాటిచెట్టెక్కే గౌడన్నను ఒకసారి దగ్గర నిలబడి చూడండి. నడుముకు ముస్తాదు కట్టుకుంటాడు. మోకును చెట్టు చుట్టూ తిప్పి తనను అందులో ఇరికించుకుంటాడు. ఎక్కే ముందు వీపును వెనక్కి వాల్చి మోకు మీద ఒంటి బరువంతా ఒక్క క్షణం వేసి చూస్తాడు. చప్పుడు వింటాడు. ఆ తర్వాతే పాదం ఎత్తుతాడు. ఎక్కే ముందు తన తాడును తాను పరీక్షించుకోవడం, అది కూడా ప్రతిసారీ, వందోసారి కూడా. ప్రపంచంలో ఏ క్లైంబింగ్ బడిలోనైనా మొదటి రోజు నేర్పేది ఇదే.

కానీ మోకుకు ఒక లోటుంది. జారితే ఆపే ఏర్పాటు అందులో లేదు, చెట్టు నుంచి పడి నడుము విరిగిన గౌడన్నలు లేని ఊరు తెలంగాణలో తక్కువ. తెలంగాణ ప్రభుత్వం 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో గీత కార్మికులకు రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తాళ్లు, హార్నెస్, కొక్కేలు ఉన్న ఆ కిట్ బండలెక్కేవాళ్ల సామానుకు దగ్గరి చుట్టం. సరదాకు ఎక్కేవాళ్ల దగ్గర ఎప్పటి నుంచో ఉన్న వస్తువు బతుకుదెరువుకు ఎక్కేవాళ్లకు ఇంత ఆలస్యంగా చేరిందన్న బాధ నాకుంది, అది పక్కన పెడతాను.

బండకు వాడే తాడు బావి తాడు కాదు, లారీ మీద లోడు బిగించే తాడు అసలే కాదు. అది సాగాలి. సాగని తాడు మీద పడితే ఆగడం ఆగుతారు, కానీ ఆ కుదుపు నడుము మీద, బోల్టు మీద పడుతుంది. అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య, అంటే యూఐఏఏ, ఒంటి తాడుకు పెట్టిన పరీక్ష ఇలా ఉంటుంది: 80 కిలోల బరువును కట్టి వదులుతారు. కనీసం ఐదుసార్లు పడినా తట్టుకోవాలి. మొదటిసారి పడినప్పుడు కుదుపు 12 కిలోన్యూటన్లు దాటకూడదు, తాడు 40 శాతానికి మించి సాగకూడదు. ఒక కిలోన్యూటన్ అంటే మన భాషలో సుమారు వంద కిలోల బరువు. కొక్కెం, అంటే కారబైనర్, మూసి ఉన్నప్పుడు పొడవు దిక్కున కనీసం 20 కిలోన్యూటన్లు మోయాలి. రెండు టన్నులు. అదే కొక్కెం నోరు తెరుచుకుని ఉంటే కొన్ని రకాలు 7 కిలోన్యూటన్లకే సరి. ఈ అంకెలు ప్రతి కొక్కెం వీపు మీద చెక్కి ఉంటాయి. అంకెలు లేని కొక్కెం తాళంచెవులకు పనికొస్తుంది, మనిషికి కాదు.

పడే దూరం కన్నా ముఖ్యమైన లెక్క ఇంకొకటుంది. పడిన దూరాన్ని, అప్పటికి బయటికి వచ్చిన తాడు పొడవుతో భాగించాలి. మీకూ కింద తాడు పట్టిన మనిషికీ మధ్య 10 మీటర్ల తాడు ఉందనుకోండి. చివరి బోల్టు మీ నడుముకు 2 మీటర్ల కింద ఉంది. జారితే ఆ 2, మళ్లీ బోల్టు కిందికి 2, మొత్తం 4 మీటర్లు పడతారు. 4ను 10తో భాగిస్తే 0.4. ఇది మెత్తగా పడడమే. అదే నేలకు దగ్గర్లో 5 మీటర్ల తాడే బయట ఉన్నప్పుడు అంతే దూరం పడితే 0.8. కుదుపు ఎక్కువ, పైగా కాళ్లు నేలకు తగిలే ప్రమాదం. అందుకే మొదటి మూడు బోల్టుల దాకా కింద తాడు పట్టేవాళ్లు కన్ను ఆర్పకూడదు. ఫోన్ జేబులో ఉండాలి.

తాడు పొడవు దగ్గర చాలామంది పొరపడతారు. పైదాకా ఎక్కిన మనిషిని దించేటప్పుడు తాడు పైకి పోయి కిందికి రావాలి. కాబట్టి 60 మీటర్ల తాడుతో 30 మీటర్ల రూట్లే ఎక్కాలి, 70 మీటర్ల తాడుతో 35. క్రాబికి 70 కొనడమే మేలు. కింద ఉన్న కొసకు ముడి వేయడం మరవద్దు. ప్రపంచమంతటా అనుభవజ్ఞులు కూడా ఈ ముడి లేక గాయపడుతుంటారు. తాడు చాలక కొస చేతిలోంచి జారిపోతుంది, పైన ఉన్న మనిషి పడిపోతాడు. ఒక్క ముడి, పది సెకన్ల పని.

బరువు లెక్క: 70 మీటర్ల తాడు సుమారు 4.4 కిలోలు. క్విక్‌డ్రాలు, అంటే బోల్టుకూ తాడుకూ మధ్య వేసే జంట కొక్కేలు, 14 తీసుకుంటే 1.4 కిలోలు. ఈ 5.8 కిలోలు ఇద్దరికీ ఉమ్మడి. ఒక్కొక్కరికి హార్నెస్ 400 గ్రాములు, బూట్లు 500, హెల్మెట్ 300, బిలే పరికరమూ (కింద తాడు పట్టేవాళ్లు వాడేది) తాళం కొక్కేలూ 500, సుద్దపొడి సంచి 200. మొత్తం 1.9. ఇద్దరూ పంచుకుంటే తలా 4.8 కిలోలే. చవక విమానాల్లో చేతి సంచికి 7 కిలోలు అనుమతిస్తారు కానీ, ఇనుప సామాను చెక్-ఇన్ లగేజీలోనే వేయండి. బూట్లు మాత్రం చేతి సంచిలో పెట్టుకోండి. పెట్టె ఎక్కడైనా తప్పిపోతే తాడు అద్దెకు దొరుకుతుంది, మీ పాదానికి అలవాటైన బూటు దొరకదు.

సముద్రపు గాలి తినేసే ఉక్కు

క్రాబిలో రైలే, టోన్‌సాయ్ అనే రెండు తీరాలున్నాయి. భూమికి ఆనుకునే ఉన్నా కొండలు అడ్డం, అందుకే ఆవ్ నాంగ్ నుంచి పొడవాటి పడవల్లో పోవాలి. పావుగంట ప్రయాణం. అక్కడ 1980ల చివర నుంచి క్లైంబింగ్ సాగుతోంది, 700కు పైగా రూట్లున్నాయి.

ఆ గోడల్లో ఒక పాఠం దాగుంది. మొదట్లో కొట్టినవి స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు. తుప్పు పట్టవనే నమ్మకం. కానీ ఉప్పు గాలి, వేడి, సున్నపురాయి కలిసినచోట ఆ ఉక్కులో కంటికి కనిపించని బీటలు పాకుతాయి. పైకి మెరుస్తూనే ఉంటుంది, లోపల చీలిపోయి ఉంటుంది. కొన్ని బోల్టులు కొట్టిన కొద్ది ఏళ్లకే మనిషి బరువుకే విరిగాయి. దాంతో టైటానియం బోల్టులను జిగురుతో రాయిలో అతికించడం మొదలుపెట్టారు. 'థాయ్‌టానియం ప్రాజెక్ట్' పేరుతో స్వచ్ఛందంగా చందాలు పోగేసి పాత బోల్టులను మారుస్తున్నారు. టైటానియం బోల్టు రంగు మసకగా, బూడిద పులుముకున్నట్టు ఉంటుంది, గుండ్రని కన్నులా రాయిలోంచి బయటికి వస్తుంది. మీరు ఎక్కబోయే రూట్‌లో అది ఉందా, మెరిసే పాత ఉక్కు పలక ఉందా అని కింద నుంచే చూసుకోవాలి. అనుమానం ఉంటే స్థానిక క్లైంబింగ్ దుకాణంలో అడగండి. తళతళలాడేదే గట్టిదనే మన అలవాటు ఇక్కడ ప్రాణం తీస్తుంది.

రాతి రకం కూడా తెలిసి ఉండాలి. మన సిరొంచ చుట్టుపక్కల ఉన్నది ఎక్కువగా గోండ్వానా ఇసుకరాయి. అదే పొరల్లో డైనోసార్ల కాలం నాటి శిలాజాలు దొరుకుతాయి, వడదంలో శిలాజ పార్కే ఉంది. ఆ రాయి మెత్తన, వాన పడితే ఇంకా మెత్తన. దాని మీద బోల్టులు కొట్టి ఎక్కాలనే ఆలోచన వద్దు. అది అటవీ శాఖ భూమి, పైగా మన ప్రాంతపు చరిత్ర ఆ రాయిలోనే ఉంది. హైదరాబాద్ దారిలో ఉన్న భువనగిరి బండది గ్రానైట్, మొండి రాయి, అరచేతి చర్మాన్ని గీకుతుంది, పాదాల రాపిడి మీద నమ్మకం నేర్పుతుంది. క్రాబిది సున్నపురాయి. గుంతలు, వేలాడే కొమ్ములు, చేతి బలం మీద ఆధారపడి ఎక్కడం. ఒకటి వచ్చినంత మాత్రాన రెండోది రాదు. గ్రానైట్ మీద ఫ్రెంచ్ లెక్కలో 6ఎ ఎక్కగలిగినవాళ్లు సున్నపురాయి మీద మొదటి రెండు రోజులు 5 దగ్గరే ఆగాలి. ఆ లెక్కలో అంకె పెరిగేకొద్దీ కష్టం పెరుగుతుంది. ప్రపంచంలో మొదటి 9సి 2017లో నార్వేలో ఆడమ్ ఓండ్రా ఎక్కాడు. 6ఎ దాకా మామూలు మనిషి ఏడాది సాధనతో చేరవచ్చు.

రూపాయల లెక్క

ఇక డబ్బు. ఇవి నేను వేసుకున్న అంచనాలు, సీజన్‌ను బట్టి అటూ ఇటూ అవుతాయి. ఇద్దరు కలిసి వెళ్తున్నారు, ఒక్కొక్కరికి 14 రోజుల సెలవు దొరికిందనుకుందాం. జిమల్‌గట్ట నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి బ్యాంకాక్, బ్యాంకాక్ నుంచి క్రాబి చేరడానికి రెండు రోజులు, తిరిగి రావడానికి రెండు రోజులు తీసేయండి. అక్కడ మిగిలేది పది రోజులు. రెండు రోజులు ఎక్కి ఒక రోజు వేళ్లకు విశ్రాంతి ఇవ్వాలి, లేకపోతే చర్మం ఊడుతుంది. పదిలో ఏడు రోజులే బండ మీద.

గది రాత్రికి 1,000 బాత్‌లు, ఇద్దరూ పంచుకుంటే తలా 500, పదకొండు రాత్రులకు 5,500. తిండికి రోజుకు 500 చొప్పున 5,500. పడవలు, బస్సులకు 1,500. మొదటి రోజు స్థానిక గైడ్‌తో తిరగడానికి 2,500. మొత్తం 15,000 బాత్‌లు. బాత్‌ను మూడు రూపాయలుగా పట్టుకుంటే రూ.45,000. విమాన టికెట్లన్నీ కలిపి రూ.30,000, బీమా రూ.3,000, పాస్‌పోర్టు రూ.1,500, ఇక్కడి బస్సు రైలు ఖర్చులు రూ.3,000. అంతా కూడితే రూ.82,500. ఏడు రోజులతో భాగిస్తే బండ మీద గడిపే ఒక్కో రోజు ఖరీదు సుమారు రూ.11,800.

ఇంకో పది రోజులు ఉండగలిగితే? రోజుకు 1,000 బాత్‌ల చొప్పున అదనంగా రూ.30,000 అవుతుంది. మొత్తం రూ.1,12,500. కానీ ఎక్కే రోజులు 14 అవుతాయి. రోజు ఖరీదు రూ.8,036కు పడిపోతుంది. ఇది గట్టి లెక్క: విమానం ఖర్చు ఒక్కసారే, కాబట్టి రెండేళ్లు వరుసగా పోయే చిన్న యాత్రల కన్నా రెండేళ్లకు ఒకటి పోయే పొడవాటి యాత్ర లాభం. సామాను వేరే. బూట్లు, హార్నెస్, హెల్మెట్, బిలే పరికరం కలిపి రూ.22,000, తాడు, క్విక్‌డ్రాలలో మీ వంతు రూ.16,000 దాకా. ఇది ఒకసారి పెట్టే ఖర్చు. కాకపోతే హార్నెస్, తాడు లాంటి బట్ట సామాన్లకు ఆయుష్షు ఉంటుంది. అసలు వాడకపోయినా పదేళ్లకు మించి నమ్మకూడదు. సెకండ్‌హ్యాండ్‌లో కొక్కెం కొనవచ్చేమో కానీ తాడు కొనొద్దు.

ఈ లెక్కలో చిన్న అంకెల్లో ఒకటి బీమాది, ఎక్కువ మోసం కూడా అక్కడే. మామూలు ప్రయాణ బీమా పాలసీల్లో చిన్న అక్షరాల్లో సాహస క్రీడలను మినహాయిస్తారు. మడమ విరిగి ఆసుపత్రిలో చేరాక ఆ వాక్యం చదివి ప్రయోజనం లేదు. 'రాక్ క్లైంబింగ్' అన్న మాట పాలసీ కాగితంలో ఉండాలి. ఏజెంట్ నోటి మాట కాదు, కాగితంలో. ఉంటే దాని పక్కన ఎత్తు పరిమితి, గైడ్ తప్పనిసరి లాంటి షరతులున్నాయేమో కూడా చూడాలి. ఇంకో వెయ్యో రెండు వేలో ఎక్కువైనా ఇక్కడ వెనకాడొద్దు.

దారిలోనే భువనగిరి

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. సిరొంచ దగ్గర ప్రాణహిత మీద వంతెన వచ్చాక చెన్నూరు మీదుగా మంచిర్యాల చేరడం సులువైంది. మంచిర్యాలలో రైలెక్కితే పెద్దపల్లి, కాజీపేట, జనగామ దాటి సికింద్రాబాద్ పోతాం. ఆ దారిలో, సికింద్రాబాద్‌కు 50 కిలోమీటర్ల లోపు దూరంలో, కిటికీలోంచి ఒక ఏకశిల కనిపిస్తుంది. తాబేటి వీపులా నున్నగా లేచిన బండ, నెత్తిన కోట. అదే భువనగిరి.

నిజామాబాద్ జిల్లా పాకాలలో పుట్టిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ మొదట తాడు పట్టుకున్నది ఆ బండ మీదే. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కేనాటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఆమెతోపాటు ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ కూడా శిఖరం చేరాడు. 2022 జూన్‌లో డెనాలితో ఆమె ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ పూర్తి చేసింది. మనకు ఇంకా దగ్గరి మాట: 2018 మే నెలలో మన పక్క జిల్లా చంద్రపూర్ ఆదివాసీ ఆశ్రమ పాఠశాలల పిల్లలు పది మంది 'మిషన్ శౌర్య' కింద ఎవరెస్ట్‌కు వెళ్లారు. ఐదుగురు శిఖరం చేరారు. హైదరాబాద్ దగ్గర, డార్జీలింగ్‌లో, లద్దాఖ్‌లో శిక్షణ పొందిన పిల్లలు వాళ్లు. మన అడవుల్లాంటి అడవుల్లో పుట్టి, మన పిల్లల్లాగే హాస్టల్ అన్నం తిన్నవాళ్లు. కాబట్టి ఈ ఆట పట్నం వాళ్లది, డబ్బున్నవాళ్లదీ అన్న మాట నేను ఒప్పుకోను.

ఎత్తు, దూరం మన వాళ్లను తీసుకుపోయిన రోజు కూడా ఉంది. నెల్లూరు జిల్లా గాంధీ జనసంగంలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కి రికార్డు సృష్టించాడు. అంతటివాడు 2015 మార్చిలో అర్జెంటీనా, చిలీ సరిహద్దున ఆండీస్‌లో ఒంటరిగా వెళ్లి చనిపోయాడు. ఆయన ఎక్కింది మంచుకొండలు, మనం మాట్లాడుతున్నది బోల్టులు కొట్టిన తీరపు గోడలు. పోలిక కలపను. కానీ ఒంటరిగా వద్దన్న మాట రెంటికీ వర్తిస్తుంది. క్రాబికి జంటగానే వెళ్లండి, ఆ జంట కూడా ముందు కనీసం పదిసార్లు ఒకరి తాడు ఒకరు పట్టినవాళ్లై ఉండాలి.

అందుకే నా క్యాలెండర్ ఇలా ఉంటుంది. మేలో పాస్‌పోర్టు అర్జీ. వానలు తగ్గిన అక్టోబరులో ఐదు రోజులు భువనగిరిలో శిక్షకుల దగ్గర: ఎనిమిది ముడి, బిలే, పడడం, దిగడం. నవంబరులో మళ్లీ మూడు రోజులు, ఈసారి లీడ్ ఎక్కడం, అంటే తాడును తానే బోల్టులకు తగిలించుకుంటూ పోవడం, చివరన గొలుసు దగ్గర తాడు మార్చుకుని దిగడం. ఈ చివరి విద్య రాకుండా విదేశం వెళ్లొద్దు. డిసెంబరులో వీలుంటే కర్ణాటకలోని బాదామి, అక్కడి ఎర్ర ఇసుకరాయి మన సిరొంచ రాయిలా కాక గట్టిది, బోల్టులు కొట్టిన రూట్లున్నాయి. జనవరి రెండో వారంలో క్రాబి.

ఎనిమిది ముడి గురించి ఒక్క మాట. తాడు కొసను ఎనిమిది అంకెలా తిప్పి, హార్నెస్ ముందు భాగంలోని రెండు కన్నాల్లోంచి దూర్చి, వచ్చిన దారినే వెనక్కి పంపాలి. సరిగ్గా వేస్తే ఐదు జంటలు పక్కపక్కన కనిపిస్తాయి. కట్టుకున్న మనిషి లెక్కపెడుతుంది: ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. తర్వాత కింద తాడు పట్టేవాళ్లు వేలితో తాకి మళ్లీ లెక్కపెడతారు. ఆమె వాళ్ల బిలే పరికరాన్ని, కొక్కెం తాళాన్ని నొక్కి చూస్తుంది. నోటితో పైకి చెప్పుకుంటారు. గౌడన్న మోకు మీద వాలి చప్పుడు విన్నట్టే.

ఈ ఐదూ కళ్లు మూసుకుని లెక్కపెట్టగలిగిన రోజున విమానం టికెట్ కొనండి. అప్పటిదాకా మంచిర్యాలలో రైలెక్కి భువనగిరిలో దిగండి.